-ఓ2 పెట్టగానే లెక్క ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: మేడం గారికి నమస్తే. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఏడాదిన్నరగా పని చేస్తున్నాను. కరెంటు మీటర్ల రీడింగుల ఫైలు చదివి ఒక్కో మీటరుకు సగటు వాడకం, గరిష్ఠ వాడకం లెక్కగట్టే సీ++ ప్రోగ్రామ్ నా చేతికి వచ్చింది. జీసీసీ కంపైలర్ వాడతాం. ఏ ఆప్షనూ ఇవ్వకుండా కంపైల్ చేస్తే లెక్కలు సరిగ్గానే వస్తాయి కానీ ఒక రోజు ఫైలుకు 40 నిమిషాలు పడుతుంది. వేగం పెంచే ఆప్టిమైజేషన్ ఆప్షన్ -ఓ2 పెడితే 7 నిమిషాల్లో అయిపోతోంది. కాకపోతే కొన్ని ఇళ్ల మీటర్లకు, ఫైల్లో వాటికి ముందున్న ఫ్యాక్టరీ మీటరు గరిష్ఠం వచ్చి కూర్చుంటోంది. ఫ్రెండ్ చెప్పాడని -ఓఫాస్ట్, ఎమ్‌ఆర్చ్ నేటివ్ పెట్టి చూశాను. 4 నిమిషాలకు దిగింది కానీ, రీడింగ్ మిస్సయిన ప్రతి మీటరుకూ సగటు ‘నాన్’ (సంఖ్య కాదు) అని వస్తోంది. రీడింగ్ రాని చోట మేం నాన్ పెట్టి, ఈజ్‌నాన్ ఫంక్షన్‌తో చూసి వదిలేస్తాం. ఇంతకుముందు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. పైగా ఆ ప్రోగ్రామ్‌ను సర్వర్ మీద పెడితే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోయింది. మా సీనియర్ అన్న ‘ఆప్టిమైజేషన్ కోడ్‌ని పాడు చేస్తుంది, జోలికి పోకు’ అంటున్నాడు. రెండు వారాల్లో ఇచ్చెయ్యాలి, టెన్షన్‌గా ఉంది. ఏ ఆప్షన్ పెట్టమంటారు? గరిష్ఠం లెక్కగట్టే ఫంక్షన్ జత చేస్తున్నాను.

సమాధానం: మీ ఉత్తరంలో మూడు వేర్వేరు జబ్బులున్నాయి, మీరేమో ఒకటే మాత్ర అడుగుతున్నారు. ఇళ్ల మీటర్లకు ఫ్యాక్టరీ గరిష్ఠం రావడం మీ కోడ్‌లో తప్పు. సగటు నాన్ అవడం మీరిచ్చిన ఆప్షన్ చెప్పింది చెప్పినట్టు చేయడం. సర్వర్ మీద ఆగిపోవడం, ఒక మెషిన్ కోసం తయారు చేసినదాన్ని ఇంకో మెషిన్‌కు పంపడం. ఈ మూడింట్లో కంపైలర్ బగ్ ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్లకు దగ్గరగా ఈ పనిలో ఉన్నాను. ‘కంపైలర్ బగ్’ అని నా దగ్గరికి వచ్చినవాటిలో నిజంగా కంపైలర్ బగ్గులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ముందు ఒక చిన్న మాట. ఇక్కడ ఆప్షన్లన్నీ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. ఓ పెద్దక్షరం అయ్యుండాలి. చిన్న ఓ పెట్టి పక్కన 2 కొడితే జీసీసీ ఏమీ అనదు. ‘2’ అనే పేరుతో ఒక ఫైలు తయారు చేసి పెడుతుంది, ఆప్టిమైజేషన్ మాత్రం జరగదు. నవ్వకండి, ఇలా ఒక పూట పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఇంకోటి, ఒకే కమాండ్‌లో రెండు ఓ ఆప్షన్లుంటే చివరిదే చెల్లుతుంది. మేక్‌ఫైల్లో ఎక్కడో చివర -ఓ0 మిగిలిపోయి ఉంటే, ముందు మీరు ఎంత ముచ్చటగా -ఓ2 పెట్టినా ఏం లాభం లేదు.

ఏ ఆప్షనూ ఇవ్వకపోతే జీసీసీ -ఓ0 అనుకుంటుంది. అప్పుడు ప్రతి వేరియబుల్‌కూ స్టాక్ అనే మెమరీ భాగం మీద ఒక గది ఇస్తుంది. ప్రతి వాక్యానికీ గదిలోంచి విలువ తెచ్చుకోవడం, లెక్క చేయడం, మళ్ళీ గదిలో పెట్టేయడం. అదే విలువ పక్క లైన్లోనే కావాలన్నా చేతిలో ఉంచుకోదు, వెళ్లి పెట్టి వచ్చి మళ్ళీ తెచ్చుకుంటుంది. డీబగ్గర్‌కు ఇది స్వర్గం, ఏ లైన్ దగ్గర ఆపినా ప్రతి వేరియబుల్ దాని చోటులో కనిపిస్తుంది. సీ++లో దీని ఖర్చు ఇంకా ఎక్కువ. వెక్టర్‌లో ఒక మూలకాన్ని బ్రాకెట్లు పెట్టి అందుకున్న ప్రతిసారీ నిజంగానే ఒక ఫంక్షన్ కాల్ జరుగుతుంది. -ఓ2లో ఆ కాల్ కరిగిపోయి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ మిగులుతుంది. మీ 40 నిమిషాలు 7 అవడంలో మాయ ఏమీ లేదు.

ఇక మీరు పంపిన ఫంక్షన్ సంగతి. ‘డబుల్ గరిష్ఠం;’ అని రాసి, విలువ ఇవ్వకుండానే లూప్‌లోకి వెళ్లి, ‘రీడింగ్ గరిష్ఠం కన్నా పెద్దదైతే గరిష్ఠాన్ని మార్చు’ అంటున్నారు. మొదటి రీడింగ్‌ను దేనితో పోలుస్తోంది? ఎవరికీ తెలియదు. మరి -ఓ0లో సరిగ్గా ఎలా వచ్చింది అంటారా, అది విని తెలుసుకోదగ్గ విషయమే. స్టాక్ మీద ఆ గదిలో అంతకుముందు నడిచిన ఇంకో ఫంక్షన్ వదిలేసిన చెత్త ఉంటుంది. 64 బిట్ లినక్స్‌లో ఆ చెత్త సాధారణంగా ఒక పాయింటరో, ఒక చిన్న పూర్ణాంకమో అయ్యుంటుంది. ఆ బిట్లనే డబుల్‌గా చదివితే, దశాంశ బిందువు తర్వాత మూడు వందలకు పైగా సున్నాలొచ్చాక ఎక్కడో ఒక అంకె ఉండేంత చిన్న సంఖ్య అవుతుంది. లేదా ఉత్త సున్నా. దానికన్నా ఏ మీటరు రీడింగైనా పెద్దదే కదా. అలా మీ తప్పు ఇన్నాళ్లూ ఒప్పులా చెలామణీ అయింది.

-ఓ2లో ఈ ఫంక్షన్ చిన్నది కాబట్టి కంపైలర్ దాన్ని పిలిచిన చోటనే పరిచేస్తుంది. గరిష్ఠానికి స్టాక్ మీద గది ఉండదు, ప్రాసెసర్ లోపలే ఉండే ఒక రిజిస్టర్ ఉంటుంది. మొదటి విలువ మీరివ్వలేదు కాబట్టి ఆ రిజిస్టర్‌ను శుభ్రం చేయాల్సిన పని దానికి లేదు. ముందు మీటరు లెక్క ముగిసేసరికి అందులో ఏముందో అదే తర్వాతి మీటరుకు మొదటి విలువ. ముందున్నది ఫ్యాక్టరీ అయితే ఆ పెద్ద అంకెను ఇంటి రీడింగులేవీ దాటలేవు. మీకు కనిపిస్తున్నది సరిగ్గా ఇదే. మందు ఒక్క లైను: మొదటి నాన్ కాని రీడింగ్‌నే గరిష్ఠంగా మొదలుపెట్టండి. సున్నాతో మొదలుపెట్టొచ్చు కదా అనిపిస్తుంది. సోలార్ పెట్టుకున్న ఇళ్లలో నికర రీడింగు మైనస్‌లోకి పోవచ్చు, అక్కడ మళ్ళీ దెబ్బ తింటారు.

ఇలాంటిది మీ సీనియర్ అన్న కంట పడకపోవడానికి ఒక కారణం ఉంది, ఆయన్ని తప్పు పట్టలేం. ‘ఈ వేరియబుల్‌కు విలువ ఇవ్వకుండా వాడుతున్నావేమో’ అనే జీసీసీ హెచ్చరిక, ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటేనే వస్తుంది. విలువలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో ఆప్టిమైజర్ ఆరా తీస్తే కానీ ఆ సంగతి కంపైలర్‌కు తెలియదు. భయపడి -ఓ0లో ఉంచినందుకు భయం పోగొట్టే హెచ్చరిక కూడా ఆగిపోయింది. ఈ రోజే -ఓ2తో పాటు, హెచ్చరికలు ఆన్ చేసే -డబ్ల్యూఆల్, -డబ్ల్యూఎక్స్‌ట్రా పెట్టి కంపైల్ చేయండి. వచ్చిన హెచ్చరికలు రెండు పేజీలున్నా కూర్చుని చదవండి. రెండు వారాల్లో ఒక రోజు దీనికి పోయినా నష్టం లేదు.

‘అసలు కంపైలర్‌కు ఇంత స్వేచ్ఛ ఎవరిచ్చారు’ అని మీకు కోపం రావచ్చు. సీ, సీ++ భాషల నిబంధనలే ఇచ్చాయి. కొన్ని పనులు ప్రోగ్రామర్ ఎప్పటికీ చేయడని భాష అనుకుంటుంది: విలువ ఇవ్వని వేరియబుల్ చదవడం, సైన్డ్ పూర్ణాంకం పట్టే హద్దు దాటిపోవడం, నల్ పాయింటర్ వెంట పోవడం, ఒక రకం డేటాను ఇంకో రకం పాయింటర్‌తో చదవడం. ఆప్టిమైజర్ ఆ నమ్మకం మీదే కోడ్ కుదిస్తుంది. దీనికి బాగా పేరుపడిన ఉదాహరణ 2009 నాటిది. లినక్స్ కెర్నెల్‌లో టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఒక ఫంక్షన్, ముందు పాయింటర్ వెంట వెళ్లి ఒక విలువ తెచ్చుకుని, ఆ తర్వాత ‘ఈ పాయింటర్ నల్ అయితే వెనక్కి పో’ అని పరీక్షించేది. జీసీసీ ఏమనుకుందంటే, పాయింటర్ వెంట ఇప్పటికే వెళ్లావు, అంటే అది నల్ కాదు, కాబట్టి ఈ పరీక్ష దండగ. తీసేసింది. సోర్స్‌లో కంటికి కనిపిస్తున్న రక్షణ, తయారైన కెర్నెల్‌లో లేదు. దాన్ని పట్టుకుని రూట్ అధికారం సంపాదించవచ్చని చేసి చూపించారు కూడా. అప్పటి నుంచి కెర్నెల్‌ను, నల్ పరీక్షలు తీసేయొద్దని చెప్పే ఆప్షన్‌తో కంపైల్ చేస్తున్నారు. రెండు రకాల పాయింటర్లు ఒకే చోటు చూపించవన్న ఊహను ఆపే ఎఫ్‌నో స్ట్రిక్ట్ ఎలియాసింగ్ కూడా కెర్నెల్ వాడుతుంది. ఇంత చేసినా కెర్నెల్ మామూలుగా తయారయ్యేది -ఓ2తోనే. వాళ్లు ఆప్టిమైజేషన్‌ను మానుకోలేదు, అందులో తమకు పడని ఊహలను ఒక్కొక్కటిగా ఆపుకున్నారు. ఆప్షన్లతో మనకున్న అసలు సౌకర్యం అదే.

మీ ఫైలు బైనరీ అయితే ఇదే కోవలో ఇంకో చోటు వెతకండి. బైట్ల బఫర్‌ను ఫ్లోట్ పాయింటర్‌గా క్యాస్ట్ చేసి చదువుతున్నారా? అయితే అక్కడ బైట్లను కాపీ చేసే మెమ్‌కాపీ పెట్టండి. ఆ నాలుగు బైట్ల కాపీని -ఓ2 ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేస్తుంది, వేగం పోతుందని బెంగపడక్కర్లేదు.

హెచ్చరికలకు దొరకని తప్పులు మిగిలితే వాటిని పట్టే పనిముట్లున్నాయి. -ఓ1, డీబగ్ సమాచారం చేర్చే -జీ పెట్టి, ఎఫ్‌శానిటైజ్‌కు అడ్రెస్, అన్‌డిఫైన్డ్ రెండూ ఇచ్చి ఒకసారి నడపండి. హద్దు దాటిన ఎర్రేలు, పొంగిపోయిన పూర్ణాంకాలు లైన్ నంబరుతో సహా చెబుతుంది. ఒక తిరకాసు ఉంది, విలువ ఇవ్వని వేరియబుల్‌ను ఈ రెండూ పట్టవు. దానికి వాల్‌గ్రైండ్ అనే పనిముట్టు కావాలి, లేదా క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌లో ఉన్న మెమరీ శానిటైజర్. శానిటైజర్లన్నీ శుభ్రం అన్నాయి కాబట్టి కోడ్ శుభ్రం అని చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. వాల్‌గ్రైండ్ చాలా నెమ్మది, పెద్ద ఫైలు ఇవ్వకండి. ఒక ఫ్యాక్టరీ, దాని వెనక ఇద్దరు ముగ్గురు ఇళ్లవాళ్లు ఉన్న చిన్న ఫైలు చాలు.

ఇవేవీ పని చేయనప్పుడు నేను వాడే మొరటు పద్ధతి ఒకటుంది. సగం సోర్స్ ఫైళ్లు -ఓ2తో, సగం -ఓ0తో కంపైల్ చేసి కలిపి లింక్ చేయండి. తప్పు వచ్చిందా, -ఓ2 సగంలో ఉంది. దాన్ని మళ్ళీ సగం చేయండి. ముప్పై ఫైళ్లున్నా ఐదుసార్లలో ఒక్క ఫైలు దగ్గరికి వచ్చేస్తారు. ఆ ఫైలు దొరికాక దాన్ని -ఓ0లో వదిలేసి చేతులు దులుపుకోవాలనిపిస్తుంది. వదలకండి.

ఇది అనుభవం మీద చెబుతున్న మాట. నా మొదటి ఉద్యోగంలో ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు మీద మోటారు నడిపే ప్రోగ్రామ్ రాశాం. ఇంటరప్ట్ వచ్చినప్పుడు ఒక ఫ్లాగ్ మారుతుంది, మెయిన్ ప్రోగ్రామ్ లూప్‌లో ఆ ఫ్లాగ్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆప్టిమైజేషన్ పెట్టగానే లూప్‌లోంచి బయటికే రాదు. ‘ప్రతిసారీ మెమరీ నుంచే చదువు’ అని చెప్పే వొలటైల్ అనే మాట ఫ్లాగ్‌కు రాయలేదు. లూప్‌లో దాన్ని ఎవరూ మార్చడం లేదు కదా అని కంపైలర్ ఒక్కసారి చదివి, ఆ విలువ పట్టుకునే తిరుగుతోంది. మాకు అప్పుడది తెలియక ఆప్టిమైజేషన్ తీసేశాం. వారం బాగానే నడిచింది. తర్వాత ఇంకో ఫీచర్ కలిపితే ప్రోగ్రామ్ చిప్ మెమరీలో పట్టలేదు. డెలివరీకి రెండు రోజుల ముందు, రాత్రి పదకొండింటికి, వొలటైల్ అనే మాట నేర్చుకున్నాను. ఆర్డునో ఊనోలో ఉండే ఏటీమెగా 328పీ లాంటి చిప్‌లో ప్రోగ్రామ్‌కు దొరికేది 32 కేబీ. ఆర్డునో సైజు తగ్గించే -ఓఎస్‌తోనే కంపైల్ చేస్తుంది. ఆ చిప్‌ల లైబ్రరీలో మిల్లీసెకన్ల ఆలస్యం ఇచ్చే ఫంక్షన్ అయితే ఆప్టిమైజేషన్ లేకపోతే నేను సరిగ్గా పని చేయను అని కంపైల్ చేసేటప్పుడే హెచ్చరిస్తుంది. ‘ఆప్టిమైజేషన్ లేకపోవడమే సురక్షితం’ అనే మాట అక్కడ తిరగబడుతుంది.

ఇప్పుడు మీ నాన్‌ల దగ్గరికి వద్దాం. -ఓఫాస్ట్ అనే పేరు చూసి, -ఓ2 పై మెట్టైన -ఓ3 కన్నా ఇంకొంచెం వేగం అనుకుంటాం. నిజానికి అది -ఓ3కి ఫాస్ట్ మాథ్ అనే ఇంకో ఆప్షన్ తగిలించిన మూట. ఫాస్ట్ మాథ్ అంటే మీ తరఫున కొన్ని కాగితాల మీద సంతకం పెట్టేయడం. అందులో ఒక కాగితం మీద ‘ఈ ప్రోగ్రామ్‌లో నాన్‌లు, అనంతాలు ఎప్పుడూ రావు’ అని ఉంటుంది. రావని మీరే హామీ ఇచ్చాక, ‘ఇది నానా?’ అని అడిగే ఈజ్‌నాన్‌కు జవాబు ఎప్పుడూ ‘కాదు’ కదా. కాబట్టి కంపైలర్ ఆ పరీక్షను తీసేసింది, నాన్ వెళ్లి మొత్తంలో కలిసింది. ఒక్క నాన్ కలిస్తే మొత్తం నానే. మీ ఫ్రెండ్ ప్రోగ్రామ్‌లో నాన్‌లు లేవేమో, అతనికి పని చేసి ఉండొచ్చు. జామీను సంతకం పెట్టే ముందు అప్పు ఎవరిదో చూడాలి కదా.

అయినా 7 నిమిషాలు 4 అయ్యాయన్నది నిజం, ఆ మూడు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకుంటే సంతకం పెట్టకుండానే వాటిలో చాలావరకు తెచ్చుకోవచ్చు. ఫ్లోటింగ్ పాయింట్ కూడికలో వరస మారితే జవాబు మారుతుంది. ఫ్లోట్ రకంలో 1,67,77,216కి 1 కలిపి చూడండి, మళ్ళీ 1,67,77,216 వస్తుంది, 24 బిట్లలో అంతకన్నా పట్టదు. అదే 1లు రెండు ముందు కలిపి, ఆ 2ను చేరిస్తే 1,67,77,218 వస్తుంది. అందుకే -ఓ2, -ఓ3 రెండూ మీరు రాసిన వరసను ముట్టుకోవు. సగటు కోసం లక్ష రీడింగులు కూడితే, ఒక కూడిక పూర్తయ్యేదాకా తర్వాతది ఆగాల్సిందే. ఒక్కో కూడికకు ప్రాసెసర్‌లో మూడు నాలుగు సైకిళ్లు పడుతుంది, ఆ ఖాళీలో మిగతా యంత్రాంగం గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుంది. వరస మార్చుకోవచ్చని ఫాస్ట్ మాథ్ ఒప్పుకోగానే కంపైలర్ నాలుగైదు మొత్తాలు పక్కపక్కన నడిపి చివర్లో కలుపుతుంది. మీకు వచ్చిన లాభంలో ఎక్కువ భాగం ఇదే అయ్యుండాలి.

ఆ పని మీరే చేయండి. లూప్‌లో ఒక మొత్తం బదులు నాలుగు మొత్తాలు పెట్టండి, రీడింగులను వాటిలో వరసగా పంచండి, చివర్లో నాలుగూ కూడండి. నాన్ అయితే సున్నా కలపండి, లెక్కపెట్టే సంఖ్యను పెంచకండి. ఈజ్‌నాన్ బతికే ఉంటుంది, వరస మీరు రాసింది కాబట్టి రేపు కంపైలర్ వెర్షన్ మారినా మారదు. పాత సగటుతో పోలిస్తే చివరి అంకెల్లో తేడా రావచ్చు. ఆ సంగతి మీ సీనియర్ అన్నకు ముందే చెప్పండి, లేకపోతే దాన్ని కూడా ఆప్టిమైజేషన్ ఖాతాలో రాస్తారు. -ఓఫాస్ట్ మీద మోజు తగ్గడానికి ఇంకో సంగతి: క్లాంగ్ 19వ వెర్షన్ నుంచి ఆ ఆప్షన్‌ను వదిలించుకోవాల్సిన జాబితాలో పెట్టింది. కావాలనుకున్నవాళ్లు -ఓ3, ఫాస్ట్ మాథ్ అని రెండుగా విప్పి రాసుకోమంటోంది, ఏం అడుగుతున్నారో తెలిసి అడగాలని. జీసీసీలో 13కు ముందు ఇంకో వింత ఉండేది. ఫాస్ట్ మాథ్‌తో కట్టిన లైబ్రరీని లోడ్ చేసుకుంటే చాలు, మరీ చిన్న సంఖ్యలను సున్నా చేసేసే ప్రాసెసర్ సెట్టింగ్ మీ ప్రోగ్రామ్‌కూ అంటుకునేది. ఎవరో పెట్టిన ఆప్షన్‌కు ఇంకెవరి లెక్కో మారేదన్నమాట.

సర్వర్ మీద ఆగిపోవడం సులువైన కేసు. ఎమ్‌ఆర్చ్ నేటివ్ అంటే ‘ఇప్పుడు కంపైల్ చేస్తున్న ఈ మెషిన్‌లో ఏమేం ఇన్‌స్ట్రక్షన్లున్నాయో అన్నీ వాడుకో’ అని అర్థం. మీ ల్యాప్‌టాప్ కొత్తది, సర్వర్ పాతదై ఉంటుంది. కొత్త ఇన్‌స్ట్రక్షన్ ఎదురవగానే సర్వర్ ప్రాసెసర్ చేతులెత్తేసింది. రెండు దారులున్నాయి. సర్వర్ మీదే కంపైల్ చేయడం ఒకటి. లేదా రెండు మెషిన్లకూ సరిపడే మెట్టు ఎంచుకోవడం: జీసీసీ 11 నుంచి ఎక్స్86-64-వీ2, వీ3, వీ4 అని మెట్లున్నాయి. వీ3లో ఏవీఎక్స్2, ఎఫ్‌ఎమ్‌ఏ అనే ఇన్‌స్ట్రక్షన్ల సెట్లు ఉంటాయి, ఇంటెల్‌లో ఇవి 2013 నాటి హాస్‌వెల్‌తో వచ్చాయి. దగ్గర్లోనే ఎమ్‌ట్యూన్ అని ఇంకో ఆప్షన్ ఉంది, అది ఇన్‌స్ట్రక్షన్ల ఎంపికను, వరసను ఒక ప్రాసెసర్‌కు నప్పేలా సర్దుతుంది కానీ ఆ ప్రాసెసర్‌కు మాత్రమే ఉన్న ఇన్‌స్ట్రక్షన్లు వాడదు, కాబట్టి దాంతో ఈ ప్రమాదం లేదు. వీ3కి వెళితే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. గుణకారం, కూడిక కలిపి ఒకే దెబ్బలో చేసే ఎఫ్‌ఎమ్‌ఏ ఇన్‌స్ట్రక్షన్‌ను జీసీసీ అడగకుండానే వాడుతుంది. రెండుసార్లు రౌండ్ చేయాల్సిన చోట ఒక్కసారే చేస్తుంది కాబట్టి, ఫాస్ట్ మాథ్ లేకపోయినా చివరి అంకె మారవచ్చు. ల్యాప్‌టాప్ లెక్క, సర్వర్ లెక్క అంకెకు అంకె కలవాలంటే ఎఫ్‌పీ కాంట్రాక్ట్ ఆఫ్ అని పెట్టండి.

-ఓ3 సంగతి అడగలేదు కానీ తర్వాతి ఉత్తరంలో అడుగుతారు. పెట్టి చూడండి, కొలవండి, తేడా కనిపిస్తే ఉంచండి, లేకపోతే -ఓ2కి వచ్చేయండి. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్‌లో కర్ట్‌సింగర్, బర్గర్ అనే ఇద్దరు, కోడ్, స్టాక్ మెమరీలో ఎక్కడ కూర్చున్నాయన్న అదృష్టం లెక్కలోంచి పోయేలా వాటిని అటూ ఇటూ కదుపుతూ, క్లాంగ్‌కు ఆధారమైన ఎల్‌ఎల్‌వీఎమ్‌ను కొలిచారు. -ఓ2 మీద -ఓ3 తెచ్చే లాభం, యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గుల నుంచి విడదీయలేనంత చిన్నదని తేల్చారు. అది అప్పటి కంపైలర్, వాళ్లు తీసుకున్న ప్రోగ్రామ్‌లు. మీ లూప్‌లకు వేరే జవాబు రావచ్చు. జీసీసీ 12 నుంచి -ఓ2లోనే కొంత వెక్టరైజేషన్ (ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో చాలా లెక్కలు చేయడం) చేరింది కాబట్టి దూరం ఇంకా తగ్గింది. లింక్ టైమ్ ఆప్టిమైజేషన్, ప్రొఫైల్ చూసి కంపైల్ చేయడం లాంటివి మంచివే కానీ, రెండు వారాల గడువులో వాటి జోలికి పోకండి.

కొలవడం అన్నాను కదా, అక్కడ జాగ్రత్త. ఫైలును మొదటిసారి డిస్క్ నుంచి చదువుతుంది, రెండోసారి మెమరీలో ఉన్న కాపీ నుంచి. ముందు -ఓ2, తర్వాత -ఓ3 అని ఒక్కోసారి నడిపి చూస్తే రెండోది గెలుస్తుంది, అందులో దాని గొప్పేమీ ఉండదు. ఒక్కోటి ఐదారుసార్లు నడిపి మధ్య విలువ తీసుకోండి. ప్రోగ్రామ్ ముందు టైమ్ అని కొడితే రియల్ (గడియారంలో గడిచింది), యూజర్, సిస్ (ప్రాసెసర్ పని చేసింది) అని మూడు అంకెలొస్తాయి. రియల్ 7 నిమిషాలుండి యూజర్, సిస్ రెండూ కలిపి 2 నిమిషాలే ఉంటే, మిగతా ఐదు నిమిషాలూ డిస్క్ కోసమో నెట్‌వర్క్ కోసమో ఎదురుచూపు. ప్రపంచంలో ఏ ఓ ఆప్షనూ దాన్ని తగ్గించదు. ప్రతి లైను చివర ఎండ్‌ఎల్ పెట్టి ప్రింట్ చేస్తున్నారేమో కూడా చూడండి, అది లైను లైనుకూ బఫర్ ఖాళీ చేస్తుంది. మామూలు కొత్త లైను అక్షరం పెడితే సరిపోతుంది. ఈ ఒక్క మార్పుతో రెండు మూడు నిమిషాలు తగ్గిన ప్రోగ్రామ్‌లున్నాయి.

మీది సీమేక్ అనే బిల్డ్ పనిముట్టు వాడే ప్రాజెక్టు అయితే ఇంకో అనుమానం. బిల్డ్ టైప్ చెప్పకపోతే సీమేక్ ఏ ఆప్టిమైజేషన్ ఆప్షనూ పంపదు. మీ ‘ఏ ఆప్షనూ లేకుండా’ కథ అక్కడే మొదలై ఉండొచ్చు. రిలీజ్ అంటే జీసీసీకి -ఓ3 వెళుతుంది, రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో అంటే -ఓ2తో పాటు డీబగ్ సమాచారం ఉంటుంది. మీకు రెండోది పెట్టమంటాను. -జీ వల్ల ఫైలు సైజు పెరుగుతుంది, వేగం తగ్గదు. రాత్రి రెండింటికి క్రాష్ అయితే ఏ ఫంక్షన్‌లో అయిందో తెలుస్తుంది. కొన్ని వేరియబుల్స్ దగ్గర డీబగ్గర్ ‘ఆప్టిమైజ్డ్ అవుట్’ అంటుంది, సర్దుకోండి, మరీ విసుగొస్తే ఆ ఒక్క ఫైలును డీబగ్గింగ్‌కు అనువైన -ఓజీతో కంపైల్ చేసుకోండి. రిలీజ్, రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో రెండింట్లోనూ అసర్ట్‌లు (కోడ్‌లో మనం రాసుకునే తనిఖీలు) మాయమవుతాయి. అసర్ట్ బ్రాకెట్లలో ఎవరైనా ఫైలు తెరవడం, కౌంటర్ పెంచడం లాంటి అసలు పని పెట్టి ఉంటే అదీ పోతుంది. వెతికి బయటికి లాగండి. ‘డీబగ్‌లో నడుస్తుంది, రిలీజ్‌లో నడవదు’ అనే ఫిర్యాదుల్లో ఇదొక పాత కాపు.

సీనియర్ అన్నతో వాదనకు దిగకండి. ఆయన ఎప్పుడో ఇలాంటి రాత్రి ఒకటి గడిపి ఉంటారు, నా మోటారు బోర్డు రాత్రిలాగే. ఆప్టిమైజేషన్ ఈ మధ్య వచ్చిన షోకు కాదని మాత్రం చెప్పొచ్చు. 1957లో ఐబీఎమ్ 704 మీద జాన్ బాకస్ బృందం తెచ్చిన మొదటి ఫోర్ట్రాన్ కంపైలరే ఆప్టిమైజ్ చేసే కంపైలర్. చేత్తో రాసిన అసెంబ్లీతో వేగంలో పోటీ పడకపోతే ప్రోగ్రామర్లు దాన్ని ముట్టుకోరని వాళ్ల భయం. డెబియన్ లినక్స్ తన ప్యాకేజీలను మామూలుగా కట్టేది -జీ, -ఓ2తోనే. మాటలకన్నా, గరిష్ఠం లైను సరిచేసి, -ఓ0 ఫలితాన్నీ -ఓ2 ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి డిఫ్ చూపించండి. వీ3కి వెళ్లకుండా ఉన్నంతవరకు, మీ లాంటి 64 బిట్ మెషిన్ మీద ఆ రెండూ అంకెకు అంకె కలవాలి. కలవకపోతే కోడ్‌లో ఇంకో తప్పు దాక్కుని ఉందని అర్థం, పైన చెప్పిన సగాల పద్ధతి మొదలుపెట్టండి.

ఫ్యాక్టరీ పక్కన ఇల్లున్న ఫైలు, రీడింగులు మిస్సయిన ఫైలు, ఒక మీటరుకు రోజంతా నాన్‌లే ఉన్న ఫైలు, ఈ మూడూ చిన్నవి తయారు చేసి ప్రాజెక్టులోనే ఉంచేయండి. మూడోదాన్ని మీ ప్రోగ్రామ్ ఇప్పుడు ఎలా తీసుకుంటుందో నాకు అనుమానమే, సున్నాతో భాగిస్తుందేమో చూడండి. ఆ తర్వాత సర్వర్ మీద ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టి, వచ్చే ఫ్లాగుల జాబితాలో ఏవీఎక్స్2, ఎఫ్‌ఎమ్‌ఏ రెండూ ఉన్నాయో లేదో, టైమ్ ఇచ్చిన మూడు అంకెలు ఎంతో రాసి పంపండి. వీ3 మీకు అవసరమా లేదా అన్నది వాటిని చూశాక చెబుతాను.